చెల్లుతదా సారూ?



జనగామ కోర్టు దగ్గర నా గదికి వచ్చే రైతులు రాగానే కుర్చీలో కూర్చోరు. నిలబడే చేతిసంచి విప్పుతారు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు, ఆ కవరులోంచి ఇంకో కవరు, దాంట్లోంచి నాలుగు మడతల కాగితం బయటికొస్తుంది. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించి ఉంటుంది. దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో ఓసారి సాపు చేసి, అప్పుడు అడుగుతారు: “ఇది చెల్లుతదా సారూ?”

నిరుడు ఎండాకాలం వచ్చిన ఒక పెద్దాయన కూడా అదే అడిగాడు. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. 1991లో రాసింది. రెండెకరాల పది గుంటల చెల్క అమ్మాను, పైకం పూర్తిగా ముట్టింది, ఈనాటి నుంచి నాకు గాని నా వారసులకు గాని ఏ హక్కూ లేదు అని రాసి, కింద అమ్మినాయన నిశానీ, నలుగురు సాక్షుల పేర్లు. అమ్మినాయన పోయాడు. సాక్షుల్లో ముగ్గురు పోయారు. భూమిని ఆనాటి నుంచి ఈయనే దున్నుతున్నాడు గాని పట్టా మాత్రం పోయినాయన పేరు మీదే ఉండిపోయింది. ఇప్పుడు ఆయన కొడుకులు “మా నాయన అమ్మలేదు, కౌలుకిచ్చిండు” అంటున్నారట. మనవైపు ఇలాంటి కాగితాన్ని సాదా బైనామా అంటాం. బైనామా అంటే అమ్మకపు పత్రం. సాదా అంటే స్టాంపు, రిజిస్ట్రీ ఏదీ లేని ఉత్తది.

ఆయనకు నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఈ కాసేపు నేను చెప్పబోయేది ఆ జవాబే అనుకోండి.

ముందు ఆయన వాడిన మాట చూడండి. చెల్లడం. నోటు చెల్లుతుంది అంటే పనికొస్తుందని. బాకీ చెల్లింది అంటే తీరిపోయిందని. ఒకే మాటకు ఈ రెండర్థాలు మన భాషలో ఎలా కుదిరాయో గాని, ఒప్పందాల చట్టం మొత్తం ఆ రెండర్థాల మధ్యే నడుస్తుంది. ఇచ్చిన మాట ఎప్పుడు చెల్లుబాటవుతుంది, చెల్లుబాటైన మాట ఎప్పుడు చెల్లిపోతుంది? చట్టం అడిగేవి ఈ రెండే.

ఆ చట్టం పేరు భారత ఒప్పందాల చట్టం, 1872. ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో అమలైంది. జనగామలో మాత్రం అప్పుడు కాదు. మనం అప్పటికి నిజాం ఏలుబడిలో ఉన్నాం. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తరవాత, 1951 ఏప్రిల్ 1న, దేశంలోని చాలా చట్టాలతో పాటు ఇదీ మన దాకా వచ్చింది. విజయవాడ వాళ్లకు డెబ్బై ఎనిమిదేళ్లుగా తెలిసిన చట్టం మనకు కొత్త చుట్టంలా వచ్చిందన్నమాట.

ఈ చట్టంలో పదో సెక్షన్ ఒక్కటి గుర్తుంటే సగం చట్టం వచ్చినట్టే. ఒప్పుకునే అర్హత ఉన్నవాళ్లు, తమంతట తాము ఒప్పుకుని, న్యాయమైన పని కోసం, న్యాయమైన ప్రతిఫలానికి చేసుకున్న ఒడంబడిక ఏదైనా చెల్లుతుంది. ఇందులో కాగితం అనే మాట లేదు. స్టాంపు అనే మాటా లేదు. వేరే చట్టమేదైనా రాతపూర్వకంగా ఉండాలనో రిజిస్ట్రీ కావాలనో అంటే అది వేరే సంగతి అని మాత్రం చివర్లో ఒక ముక్క ఉంది. మామూలుగా నోటిమాట చాలు. మనవాళ్లు ఉల్టాగా నమ్ముతారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాస్తే ఏదైనా చెల్లుతుందనీ, రాయకపోతే ఏదీ చెల్లదనీ. రెండూ తప్పే. కాగితం ఒప్పందానికి సాక్షి మాత్రమే. చావని సాక్షి, మాట మార్చని సాక్షి. అందుకే దానికంత విలువ.

మరి ఒప్పందం ఎక్కడ పుడుతుంది? ఎద్దుల అంగడికి వెళ్లి చూడండి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య దళారి నిలబడి, చేతుల మీద తువ్వాల కప్పి, వేళ్లు పట్టుకుని బేరం నడుపుతాడు. చుట్టూ పదిమంది ఉన్నా ధర ఇద్దరికే తెలుస్తుంది. కొనేవాడు నాలుగు వేళ్లు పట్టాడు. అది ప్రతిపాదన. అమ్మేవాడు తల అడ్డంగా ఊపి ఐదు పట్టాడు. దాంతో నాలుగు వేళ్ల ప్రతిపాదన చచ్చిపోయింది, ఇప్పుడు బతికున్నది ఐదు వేళ్లది. కాసేపయ్యాక అమ్మేవాడు “సరే, నాలుగుకే ఇస్త తియ్” అన్నాడనుకోండి. కొనేవాడు తీసుకుని తీరాలా? అక్కర్లేదు. ఆ నాలుగు ఇప్పుడు అమ్మేవాడి కొత్త ప్రతిపాదన, కొనేవాడి ఇష్టం. అవతలివాడు ఒప్పుకునేదాకా ఎవరి మాటను వాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పుకున్నాక మాత్రం తువ్వాల తీసినట్టే.

అదే అంగట్లో ఇంకో సంగతి ఉంది. ఎద్దు పళ్లు చూసి వయసు కట్టేది కొనేవాడి పని. అమ్మేవాడు ఎద్దు లోపం గురించి నోరెత్తకపోతే అది మోసం కాదు. చట్టంలోనే ఈ ఉదాహరణ ఉంది, కాకపోతే అక్కడ గుర్రం, వేలం పాట. కొనేవాడు “ఏ రోగం లేదనుకుంటున్న, ఉంటే చెప్పు” అని అడిగి, అమ్మేవాడు తెలిసి కూడా మౌనంగా ఉంటే ఆ మౌనం మాటతో సమానం, అది మోసమే. అందుకే అడగండి అంటాను నేను. అడగడానికి ఫీజు లేదు. అడిగినప్పుడు పక్కన ఇంకొకరు ఉంటే మరీ మంచిది.

ఈ రోజుల్లో బేరాలు తువ్వాల కింద కన్నా ఫోన్లో ఎక్కువ. వరంగల్ ఎనుమాముల మార్కెట్ వ్యాపారి ఫోన్లో ధర చెబుతాడు, మహబూబాబాద్ మిర్చి రైతు సరేనంటాడు. ఒప్పందం ఎక్కడ జరిగినట్టు, వరంగల్లోనా మహబూబాబాద్‌లోనా? తగాదా వస్తే కేసు ఎక్కడ వేయాలో దీన్ని బట్టే తేలుతుంది. 1965లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటిదే వచ్చింది. అహ్మదాబాదు వ్యాపారికీ ఖాంగావ్ వ్యాపారికీ మధ్య పత్తిగింజల చెక్క బేరం, అంతా ఫోన్లోనే. ‘సరే’ అన్న మాట ఎవరి చెవిన పడిందో ఆ ఊళ్లోనే ఒప్పందం జరిగిందని తీర్పు. ఉత్తరానికి సూత్రం వేరు, అక్కడ ‘సరే’ అన్న ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేసిన చోటు లెక్క. ఉత్తరాలు రాసేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు గనక!

ప్రతిఫలం దగ్గరికొద్దాం. ఒట్టి మాటకు చట్టం కాపలా కాయదు. “మనుమరాలి పెళ్లికి ఎకరం రాసిస్త” అని తాత నలుగురిలో అన్నంత మాత్రాన మనుమరాలు కోర్టుకు పోలేదు. ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి. దగ్గరి బంధువులు ప్రేమకొద్దీ ఇచ్చేదైతే రాసి, రిజిస్ట్రీ చేయిస్తే సరిపోతుంది. ప్రతిఫలం ఎంత ఉండాలి అని మాత్రం చట్టం అడగదు. పది లక్షల జాగను పదివేలకు అమ్ముకున్నా, ఇష్టపడి అమ్ముకుంటే చెల్లుతుంది. కానీ ధర అంత అన్యాయంగా ఉందంటే, ఇష్టపడే అమ్మాడా అన్న అనుమానం కోర్టుకు వస్తుంది. రావాలి కూడా.

ప్రతిఫలం గురించి మన దేశపు చట్టం ఇంగ్లండు చట్టం కన్నా ఒక అడుగు ముందుంది. అక్కడ మాట పుచ్చుకున్నవాడే ప్రతిఫలం ఇవ్వాలి. ఇక్కడ ఎవరిచ్చినా సరే. ఈ సూత్రాన్ని స్థిరపరిచిన కేసు తెలుగు పేర్లున్న కేసే. 1880ల తొలినాళ్లలో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చిన చిన్నయ్య, రామయ్యల వ్యాజ్యం. ఒక పెద్దావిడ కూతురికి ఆస్తి రాసిస్తూ, తన తోడబుట్టినవాళ్లకు ఏటా 653 రూపాయలివ్వాలని షరతు పెట్టింది. కూతురు సరేనని విడిగా రాసిచ్చింది. తరవాత ఇవ్వలేదు. వాళ్లు నాకేమిచ్చారని నేనివ్వాలి అంది. మీ అమ్మ ఆస్తి ఇచ్చింది కదా, అదే ప్రతిఫలం అంది కోర్టు.

ఈ కేసు నాకు జనగామ బస్టాండులో గుర్తొస్తుంటుంది. 2023 డిసెంబరు 9 నుంచి మన ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో జీరో టికెట్టు. కండక్టరు టికెట్టు కొట్టి చేతికిస్తాడు, రూపాయి తీసుకోడు. “పైసల్లేకుండా ఎక్కినంక మనకేం హక్కుంటది” అని ఒకామె అంటుంటే విన్నాను. ఎందుకుండదమ్మా? నీ ఛార్జీ ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుంది. నా మటుకు నేను దీన్ని చిన్నయ్య కేసు లాగే చూస్తాను. ప్రతిఫలం ముట్టింది, ఎవరిచ్చారన్నది ముఖ్యం కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైనది. తమంతట తాము ఒప్పుకోవడం. ఈ గడ్డ మీద నిలబడి ఈ ముక్క గురించి మాట్లాడేటప్పుడు నేను కొంచెం నిదానిస్తాను.

పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. అక్కడి చాకలి ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను ఆ పంట మీద పడింది. ఆమె దొరలకు ఎదురుతిరిగిన రైతుల సంఘంలో చేరింది, సంఘం వాళ్లు నిలబడి పంట కోయించి ఆమె ఇంటికి చేర్చారు. ఈ కథను పోరాటకథగా మనమందరం వింటూ పెరిగాం. వకీలుగా నాకు ఇందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఆమె చేతిలో ఉన్నది ఒక ఒప్పందం. భూమి గలవాళ్లు ఇచ్చారు, ఆమె పుచ్చుకుంది, పంట పండించింది. ఆ ఒప్పందంలో విసునూరు దొర లేడు. ఒప్పందం చేసుకున్న ఇద్దరినే అది కట్టేస్తుంది, మూడోవాడికి అందులో వేలు పెట్టే హక్కు లేదు. చట్టం పుస్తకాల్లో ఇది ఒక అధ్యాయం. ఆ పుస్తకాలు చదవకుండానే ఆమె దాని మీద నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు పడిపోయేనాటికి ఈ చుట్టుపక్కల ఊళ్లలో తగువంతా ఒకటే: మా ఒప్పుకోలు లేకుండా మా చాకిరీ, మా పంట మీకెట్లా వస్తుంది?

వెట్టిలో ఒప్పుకోలు అడిగేవాళ్లే లేరు. భగేలాలో మాత్రం అడిగినట్టు కనిపించేది. అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా దొర దగ్గర జీతముంటానని ఒప్పుకుంటాడు. వడ్డీ తీరదు, మనిషి తీరిపోతాడు, కొడుకు వస్తాడు. పైకి చూస్తే ఇద్దరు మనుషుల మధ్య ఒప్పందమే. ప్రతిపాదన ఉంది, అంగీకారం ఉంది, ప్రతిఫలం ఉంది, కింద నిశానీ ఉంది. కానీ అది ఒప్పందమా? స్వతంత్ర భారతంలో రాజ్యాంగం 23వ అధికరణంతో వెట్టిని నిషేధించింది. 1976 నాటి చట్టం వెట్టిచాకిరీ అప్పులన్నింటినీ రద్దుచేసింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా లోతుకు పోయింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయడానికి ఎవరూ ఇష్టపడి ఒప్పుకోరు, ఆకలి తరిమితే ఒప్పుకుంటారు, ఆ ఆకలి కూడా బలవంతమే అంది. ఈ మాట మన తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుసు.

మామూలు ఒప్పందాల్లో బలవంతం ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. ఇంట్లోనే ఉంటుంది చాలాసార్లు. 1917లో మద్రాసు హైకోర్టు ముందుకు చిక్కం అమ్మిరాజు, చిక్కం శేషమ్మల కేసు వచ్చింది. తెలుగువాళ్ల కుటుంబం. భర్త భార్యనూ కొడుకునూ పట్టుకుని, తమవని వాళ్లు చెప్పుకుంటున్న ఆస్తిని నా తమ్ముడి పేర వదులుకుంటున్నట్టు రాసివ్వకపోతే నేను చస్తానన్నాడు. రాసిచ్చారు. ఇది బలవంతమా కాదా? కాదని ఒక జడ్జి అన్నాడు. మిగతా ఇద్దరు మాత్రం ఇది బలవంతమే, ఆ పత్రం నిలవదన్నారు. నా బల్ల ముందు అలాంటి ‘చస్త’లు ఎన్ని విన్నానో. ఆడపిల్ల నుంచి హక్కు విడుదల పత్రం రాయించుకునేటప్పుడు తల్లి కంట్లో నీళ్లు పెట్టుకుంటుంది. అది చట్టం లెక్కలో బలవంతం కాకపోవచ్చు. కానీ పెద్దరికాన్ని వాడుకుని రాయించుకున్నదైతే దానికి వేరే సెక్షన్ ఉంది, పదహారోది. చదువురాని మనిషి నిశానీ పెట్టిన కాగితమైతే, అందులో ఏముందో ఆమెకు చదివి వినిపించారని నిరూపించాల్సింది కాగితం పట్టుకొచ్చినవాళ్లే.

ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా చెల్లనివి కొన్నున్నాయి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడితో చేసుకున్నది మొదటి నుంచీ లేనట్టే. 1903లో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన ఈ మాట ఇప్పటికీ కదలలేదు. సర్కారు నౌకరీ ఇప్పిస్తానంటే లక్షలు కట్టి మోసపోయినవాళ్లు నా దగ్గరికి నెలకొకరు వస్తారు. లంచానికి ఒప్పందం చెల్లదు, అందుకే ఆ డబ్బు కోసం సివిలు దావా వేయమంటే నా చేతులు ఆడవు. పోలీసు కేసు సంగతి వేరు. ఇంకోటి, మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో భూమి. 1970లో వచ్చిన మార్పు, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, దాని ప్రకారం అక్కడ గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి అమ్మితే చెల్లదు. ఇద్దరూ నవ్వుతూ సంతకాలు పెట్టినా చెల్లదు. ఇష్టపడి ఒప్పుకున్నాడు కదా అంటారు కొందరు. ఆ ఇష్టం ఎట్లా పుట్టిందో చరిత్ర చూసిన తరవాత రాసిన చట్టం అది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

ఒప్పుకోలుకు ఇంకో కొలత ఉంది. ఇద్దరూ ఒకే వస్తువును ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. బొంబాయి నుంచి ‘పీర్‌లెస్’ ఓడలో వచ్చే పత్తి కొంటానని ఇంగ్లండులో ఒకడు ఒప్పుకున్నాడు. తీరా చూస్తే ఆ పేరుతో రెండు ఓడలున్నాయి, ఒకటి అక్టోబరులో బయలుదేరేది, ఇంకోటి డిసెంబరులో. కొనేవాడి మనసులో ఒకటి, అమ్మేవాడి మనసులో ఇంకోటి. 1864 నాటి కేసు అది, అమ్మినవాడు ఓడిపోయాడు. మన దగ్గర ఓడలు లేవు గాని చింతచెట్టు చెల్కలు ఊరికి మూడున్నాయి. పెద్దాయన తెచ్చిన కాగితంలో కూడా సర్వే నంబరు లేదు. ‘చింతచెట్టు చెల్క’ అనే ఉంది. అదృష్టం, నాలుగు దిక్కుల హద్దులు రాశారు.

అప్పు కాగితాల గురించి చెప్పకుండా దాటలేను. ప్రామిసరీ నోటు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు, సంతకం, అంకెలు, మాటలు, తేదీ. మూడేళ్లు ఆయుష్షు. మూడేళ్లలోపు కొంత కట్టి వెనక చెల్లు రాయించి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. కొందరు అప్పు మొత్తం తీర్చి కూడా నోటు వెనక్కి తీసుకోరు. “మనోడే కదా” అంటారు. మనోడు బతికున్నంత కాలం మనోడే. ఆయన పోయాక కొడుక్కి నోటు దొరుకుతుంది. ఖాళీ నోటు మీద సంతకం మాత్రం ఎవరికీ పెట్టకండి. సంతకం పెట్టి ఇచ్చారంటే, నింపుకునే అధికారం కూడా ఇచ్చారనే చట్టం అనుకుంటుంది.

కాగితమే లేకపోతే ఎట్లా ఉంటుందో 2025లో ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం వైపు విత్తన మక్క వేసిన రైతులకు తెలిసొచ్చింది.  విత్తనం కంపెనీది, భూమి, చాకిరీ రైతువి, మధ్యలో ఆర్గనైజరు. పంట దెబ్బతిన్నది. నాకెవరు మాటిచ్చారు అని వెతికితే రైతు చేతిలో కంపెనీ కాగితం లేదు, ఆర్గనైజరు మాట ఉంది. గొడవయ్యాక పరిహారం ఇప్పించారు, అది మంచిదే. కానీ నేనైతే ఇలా అడుగుతాను. గింజ మొలవకపోతే ఎవరు భరించాలన్నది విత్తే ముందు కదా మాట్లాడుకోవాల్సింది?

మాట తప్పితే ఏమవుతుంది? చట్టం సాధారణంగా శిక్ష వేయదు, నష్టం కట్టిస్తుంది. అది కూడా ఆ తప్పు వల్ల సహజంగా వచ్చిన నష్టం, లేదా ఒప్పుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం. “తప్పితే బయానా రెట్టింపు ఇస్త” అని రాసుకున్నా, ఆ రెట్టింపు మొత్తం రాదు. న్యాయమైనంత వస్తుంది, రెట్టింపు దాటదు అంతే. భూమి అగ్రిమెంటులో మాత్రం భూమినే రిజిస్ట్రీ చేయించమని అడగవచ్చు. 2016 అక్టోబరులో జనగామ జిల్లా అయ్యాక ఇది ఎంతమందికి పనికొచ్చిందో! బయానా తీసుకున్న నెలకే ధర పెరిగి, అమ్మేవాళ్లకు ఒక్కసారిగా ఇంట్లో వాళ్లు ఒప్పుకోవట్లేదని గుర్తొచ్చేది. దావా వేయడానికి గడువు మూడేళ్లు. మిగతా పైకం కట్టడానికి నేను మొదటి నుంచీ సిద్ధమేనని కొనేవాడు చూపించాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు. డబ్బు లేదు, దావా మాత్రం ఉంది.

ఎవరూ తప్పకుండానే ఒప్పందం కూలిపోవడం కూడా ఉంది. 2020 ఏప్రిల్ పెళ్లిళ్లు గుర్తున్నాయి కదా. ఫంక్షన్ హాలు బుక్ చేశారు, మార్చి నెలాఖరుకు లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లి జరగదు, హాలు తెరవరు. చేయడం అసాధ్యమైన ఒప్పందం 56వ సెక్షన్ ప్రకారం అక్కడితో ఆగిపోతుంది. ఆగిపోయిన ఒప్పందం కింద ఎవరైనా తీసుకున్నది ఉంటే 65వ సెక్షన్ ప్రకారం వెనక్కివ్వాలి. అడ్వాన్సు మళ్లీ ముహూర్తానికి సర్దుతామని చాలామంది ఒప్పుకున్నారు, అది పెద్దమనుషుల దారి.

ఇక పెద్దాయన కాగితం. ఒప్పందంగా చూస్తే అది నిక్కమైనదే. అర్హత ఉన్న ఇద్దరు, ఇష్టపడి, పైకం ఇచ్చి పుచ్చుకున్నారు. కానీ పదో సెక్షన్ చివర ఒక ముక్క ఉందన్నానే, వేరే చట్టం అడిగితే తప్ప అని, భూమి దగ్గర ఆ వేరే చట్టాలు అడుగుతాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. వంద రూపాయలు గాని, అంతకు మించి గాని విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రీ కావాల్సిందే. లేకపోతే హక్కు మారదు. ఆయన ముప్పై నాలుగేళ్లుగా దున్నుతున్నది కాగితాల లెక్కలో ఇంకా అమ్మినాయన భూమి. తెల్లకాగితాన్ని కోర్టులో పెట్టాలన్నా ముందు స్టాంపు సుంకం, దాని మీద జరిమానా కట్టమంటారు.

ఆయన తెలివితక్కువవాడు కాదు. 1991లో రిజిస్ట్రీ ఖర్చు అంటే ఆ చెల్క ఏడాది పంట. పట్వారీ వ్యవస్థ పోయి కొన్నేళ్లే అయింది, ఆఫీసు అంటేనే భయం. అన్నిటికీ మించి, అమ్మిన మనిషి పక్క గెట్టు మీద రోజూ కనిపించేవాడే. అతని ముఖమే రిజిస్ట్రీ. మన తెలంగాణలో లక్షలాది కుటుంబాలు ఇట్లాగే కొనుక్కున్నాయి. అందుకే ప్రభుత్వం 2016లోనూ, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకానూ సాదా బైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకుంది. ఆ రెండో విడత మధ్యలో, అక్టోబరు 29న, భూమి హక్కుల రికార్డుల పాత చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది. కొత్త దాంట్లో సాదా బైనామాకు చోటు లేదు. హైకోర్టు ఆపింది. దరఖాస్తులు ఏళ్లకేళ్లు పెట్టెల్లో ఉండిపోయాయి. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చి మళ్లీ తలుపు తెరిచింది. 2014 జూన్ 2కు ముందు కొన్నదై ఉండాలి, పన్నెండేళ్లుగా సాగులో ఉండాలి, 2020లో ఆ నెలరోజుల్లోపు దరఖాస్తు పెట్టి ఉండాలి. విచారణ ఆర్డీవో చేస్తారు.

“దరఖాస్తు పెట్టినవా?” అని అడిగాను. ఆయన సంచిలోంచి ఇంకో కవరు తీశాడు. మీసేవ రసీదు. తేదీ 2020 నవంబరు 9. ఒక్కరోజు మిగిలుండగా.

విచారణ రోజు నేనూ వెళ్లాను. మిగిలిన ఒక్క సాక్షి, ఎనభై దాటినాయన, మనుమడి బండి మీద వచ్చాడు. కాగితం చేతికిస్తే కళ్లద్దాలు లేక చదవలేదు గాని, తన దస్కతు వేలితో తడిమి “రాసినోడు బడిపంతులు, ఎర్ర సిరా అయిపోతే నల్ల సిరాతో ముగించిండు” అన్నాడు. చూస్తే నిజమే, సగం నుంచి సిరా రంగు మారింది. ఇన్నిసార్లు ఆ కాగితం చదివి నేను గమనించనే లేదు. అమ్మినాయన కొడుకుల్లో చిన్నవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ రోజు అతనేమీ అనలేదు. వాయిదా వచ్చే నెలకు పడింది.